సోనీ రోలిన్స్: ఆగడం తెలిసిన శాక్సఫోన్

గత భాగాన్ని చార్లీ పార్కర్ మరణంతో ముగించాం. 1955 మార్చి 12న న్యూయార్క్‌లో కన్నుమూసేనాటికి ఆయనకు 34 ఏళ్లు. ట్రంపెట్ విద్వాంసుడు ఫ్యాట్స్ నవారో అంతకు ఐదేళ్ల ముందే, 26 ఏళ్ల వయసులో పోయాడు. పార్కర్ పోయిన మరుసటి ఏడాది జూన్ 26న మరో గొప్ప ట్రంపెట్ వాద్యకారుడు క్లిఫర్డ్ బ్రౌన్ 25 ఏళ్లకే కారు ప్రమాదానికి బలయ్యాడు. ఈ ముగ్గురి పక్కనా నిలబడి వాయించిన ఒక టెనర్ శాక్సఫోన్ వాద్యకారుడు మాత్రం 2012 దాకా, అంటే 80 ఏళ్లు దాటాక కూడా, కచేరీలు చేశాడు. ఆయనే సోనీ రోలిన్స్. ఆయన జీవితాన్ని సాధారణంగా రికార్డుల వరుసగా చెబుతారు. మధ్యమధ్య వేదిక దిగి వెళ్లిపోయిన కాలాలను ఒక వాక్యంలో దాటేస్తారు, లేదా మేధావి చేసిన వింత పనిగా చెప్పుకుంటారు. ఆ మౌనకాలాలే రోలిన్స్ కళకు ఆధారమని, వాటిని పక్కన పెడితే మిగిలిన కథకు అర్థమే ఉండదని ఈ భాగంలో నా వాదన. పేరు ప్రఖ్యాతులు వచ్చాక కూడా ఒక కళాకారుడు తన పనికి తానే న్యాయనిర్ణేతగా ఉండగలడా అన్న ప్రశ్నకు జాజ్ చరిత్ర ఇచ్చిన అత్యంత స్పష్టమైన జవాబు ఈ జీవితం.

రోలిన్స్ 1930 సెప్టెంబర్ 7న న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు కరీబియన్ సముద్రంలోని వర్జిన్ దీవుల నుంచి వలస వచ్చినవాళ్లు. ఇంట్లో తల్లి పాడిన దీవుల పాటలు, వీధిలో హార్లెమ్ సంగీతం కలిసి ఆ పిల్లవాడి చెవిని తయారు చేశాయి. టెనర్ శాక్సఫోన్‌కు జాజ్‌లో పెద్దరికం తెచ్చిపెట్టిన కోల్మన్ హాకిన్స్ నివాసం కూడా ఆ చుట్టుపక్కలే. ఆయన సంతకం కోసం బాల రోలిన్స్ ఇంటిముందు కాచుకుని నిలబడేవాడు. మొదట ఆల్టో వాయించి, 16వ ఏట టెనర్‌కు మారాడు. అప్పటి కుర్రవాళ్ల జట్టులో జాకీ మక్‌లీన్, కెన్నీ డ్రూ, ఆర్ట్ టేలర్ ఉన్నారు. వీళ్లంతా తర్వాత పేరున్న వాద్యకారులయ్యారు. 19 ఏళ్లు నిండకముందే రోలిన్స్ పియానో విద్వాంసుడు బడ్ పావెల్ రికార్డింగ్‌లో, నవారో సరసన వాయించాడు. ఇంత తొందరగా ఇంత పైకి వెళ్లిన కుర్రవాడికి మెచ్చుకునేవాళ్లు కరవు కాలేదు. ఎక్కడ ఆగాలో చెప్పేవాళ్లే దొరకలేదు.

ఆ తరానికి పార్కర్ సంగీతం ఎంత ఆదర్శమైందో, ఆయన హెరాయిన్ అలవాటు కూడా అంత ఆదర్శమైంది. రోలిన్స్ ఆ ఊబిలో దిగాడు. 1950లో సాయుధ దోపిడీ నేరం మీద అరెస్టయి రైకర్స్ ఐలాండ్ జైల్లో పది నెలలు గడిపాడు. 1952లో మత్తుమందు వాడి పెరోల్ షరతులు ఉల్లంఘించినందుకు మళ్లీ పట్టుబడ్డాడు. 1953 జనవరిలో మైల్స్ డేవిస్ రికార్డింగ్‌లో పార్కర్ కూడా ఉన్నాడు. ఆరోజు పార్కర్ ఈ కుర్రవాడిని మత్తు మానేశావా అని అడిగాడని, మానేశానని తాను అబద్ధం చెప్పానని, నిజం తెలిశాక పెద్దాయన ముఖం మాడిపోయిందని రోలిన్స్ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. ఆ సిగ్గు ఆయన్ని వదల్లేదు. 1954లో డేవిస్ బృందంలో ఆయన సొంత రచనలు ఓలియో, డాక్సీ, ఎయిర్జిన్ రికార్డయ్యాయి. వాటిని జాజ్ వాద్యకారులు ఇప్పటికీ వాయిస్తున్నారు. బయటినుంచి చూసేవాళ్లకు అది ఎదుగుతున్న కాలమే. అలాంటి సమయంలో 1955లో రోలిన్స్ కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్ ప్రభుత్వ వైద్యశాలలో తనంతట తానుగా చేరి, అప్పటికి ప్రయోగదశలో ఉన్న మెథడోన్ చికిత్సకు ఒప్పుకున్నాడు. ఆయన అక్కడ ఉండగానే పార్కర్ మరణవార్త వచ్చింది. మాట నిలబెట్టుకున్నానని చెప్పుకోవడానికి ఆ గురువు మిగల్లేదు.

ఇది మొదటి విరామం. దాని తర్వాతి భాగాన్ని చరిత్రకారులు తక్కువగా పట్టించుకుంటారు. ఆసుపత్రి నుంచి బయటపడ్డ రోలిన్స్ నేరుగా క్లబ్బులకు వెళ్లలేదు. షికాగోలో ఉండిపోయి, భవనాలు ఊడ్చి శుభ్రం చేసే కూలి పనులు చేశాడు. పాత స్నేహితులు, పాత అలవాట్లు కాచుకుని ఉండే చోటు నైట్‌క్లబ్బే. అక్కడికి వెళ్లేముందు తన బలాన్ని పరీక్షించుకున్నాడు. 1955 చివర్లో మ్యాక్స్ రోచ్, క్లిఫర్డ్ బ్రౌన్ బృందంలో చేరాడు. మత్తు జోలికి పోని బ్రౌన్, పరిశుభ్రంగా బతుకుతూ కూడా అగ్రశ్రేణిలో వాయించవచ్చని కళ్లెదుట రుజువు చేశాడు. మరుసటి మూడేళ్లలో రోలిన్స్ తన పేరు మీద పన్నెండుకు పైగా ఆల్బములు చేశాడు. 1956 జూన్ 22న, బ్రౌన్ మరణానికి నాలుగు రోజుల ముందు, న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో రూడీ వాన్ గెల్డర్ తన తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో నడిపిన స్టూడియోలో శాక్సఫోన్ కొలాసస్ ఒక్కరోజులో తయారైంది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచదగ్గ జాతీయ రికార్డుల జాబితాలో ఇప్పుడది ఉంది. ఆ ఫలాన్ని మెచ్చుకునేవాళ్లు షికాగోలో చీపురు పట్టిన నెలలను కూడా లెక్కలో వేసుకోవాలి.

ఆ ఆల్బములో రెండు అంశాలు మన చర్చకు ముఖ్యం. ఒకటి సెయింట్ థామస్. తల్లి పాడిన దీవుల పాట బాణీనే తీసుకుని కాలిప్సో నడకలో వాయించాడు. రెండోది బ్లూ సెవెన్. పదకొండు నిమిషాలకు పైగా సాగే ఈ వాదనంలో రోలిన్స్ కొద్దిపాటి స్వరాలతో ఒక చిన్న ఆలోచనను ముందు పెడతాడు. తర్వాత దాన్ని విరిచి, సాగదీసి, తలకిందులు చేసి, మధ్యలో ఖాళీ వదిలి, మళ్లీ అందుకుంటాడు. కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇది మనోధర్మంగానే అర్థమవుతుంది. అప్పటికప్పుడు పుట్టిందే అయినా ఒక తీరుగా పెరుగుతుంది. 1957లో లాస్ ఏంజెలెస్‌లో చేసిన వే అవుట్ వెస్ట్‌లోనూ, అదే ఏడాది నవంబర్ 3న న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో చేసిన కచేరీలోనూ పియానో లేకుండా, బాస్, డ్రమ్స్ మాత్రమే తోడుగా వాయించాడు. జాజ్‌లో పియానో స్వరసంగతి పునాదిని పరిచి పెడుతుంది. అది లేకపోతే స్వరసంగతి భారమంతా ఒకే ఊదువాద్యం మీద పడుతుంది. దారి తప్పితే దాచుకోవడానికి చోటుండదు. 27 ఏళ్ల వయసులో ఆ భారాన్ని కోరి నెత్తిన పెట్టుకున్న మనిషి, తర్వాత రెండేళ్లకు ఇంకా నేర్చుకోవాలని వెళ్లిపోయాడంటే, ఆయన కొలమానం ప్రేక్షకుల కొలమానం కన్నా ఎంత ఎత్తున ఉండేదో గ్రహించాలి.

1958లో రెండు సంఘటనలు జరిగాయి. ఫ్రీడమ్ సూట్ పేరుతో దాదాపు 19 నిమిషాల రచన చేసి, అమెరికా సంస్కృతి నల్లజాతివారి మీద ఎంతగా ఆధారపడిందో, వారినే ఆ దేశం ఎలా అణచివేస్తోందో ఆల్బము వెనక అట్ట మీద సూటిగా రాశాడు. పౌరహక్కుల ఉద్యమం ఇంకా ఊపందుకోని రోజులవి. రికార్డింగ్ సంస్థ తర్వాత అదే ఆల్బమును షాడో వాల్ట్జ్ అనే నిరపాయమైన పేరుతో మళ్లీ విడుదల చేసింది. అదే ఏడాది స్వరకర్త, విమర్శకుడు గుంథర్ షుల్లర్ బ్లూ సెవెన్‌ను స్వరం స్వరంగా విశ్లేషించి, మనోధర్మానికి కొత్త నిర్మాణం తెచ్చినవాడిగా రోలిన్స్‌ను నిలబెట్టాడు. జాజ్ విమర్శలో అది మైలురాయి. కానీ రోలిన్స్‌కు అది ఇబ్బందిగా మారింది. తెలియకుండా చేస్తున్నదాన్ని తెలిసి చేయమన్నట్టయింది. విమర్శలు చదవడం మానుకున్నానని ఆయన తర్వాత చెప్పాడు. ఆ వ్యాసమే ఆయన్ని తరిమిందని కొందరు రాశారు. ఆ మాట పూర్తిగా ఒప్పుకోలేం. రోలిన్స్ పదేపదే ఇచ్చిన కారణం వేరు. తన పేరు తన వాదనం కన్నా ముందు పరిగెత్తుతోందనీ, జనం విన్న కీర్తికి తగ్గది తాను ఇవ్వలేకపోతున్నాననీ ఆయన బాధ. విమర్శకుడి పొగడ్త ఆ అంతరాన్ని ఇంకొంచెం పెంచి ఉండవచ్చు. అంతరాన్ని కనిపెట్టింది మాత్రం ఆయన చెవే.

1959 వేసవిలో రోలిన్స్ కచేరీలు ఆపేశాడు. మన్‌హట్టన్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో గ్రాండ్ వీధిలో నివాసం. శాక్సఫోన్ గొంతు గోడలు దాటి వెళ్తుంది. పక్కింట్లో గర్భిణి ఉంది. ఆమెకు ఇబ్బంది కలిగించడం ఇష్టం లేక, సాధనకు చోటు వెతుక్కుంటూ ఒకరోజు విలియమ్స్‌బర్గ్ వంతెన ఎక్కాడు. 1903లో తెరిచిన ఆ వంతెన ఈస్ట్ నది మీదుగా మన్‌హట్టన్‌ను బ్రూక్లిన్‌తో కలుపుతుంది. పాదచారుల బాట వాహనాలకు పైన ఉంటుంది. రైళ్ల రొద, కార్ల హోరు, కింద పడవల కూతల మధ్య ఎంత గట్టిగా ఊదినా అడిగేవాళ్లు ఉండరు. ఒక్కోరోజు 15, 16 గంటల దాకా, ఎండా చలీ లెక్కచేయకుండా అక్కడ సాధన చేశాడు. పొగతాగడం మానాడు, వ్యాయామం మొదలుపెట్టాడు. ఆరుబయట గోడల ప్రతిధ్వని ఉండదు కనుక శబ్దాన్ని నిలబెట్టేది వాద్యకారుడి ఊపిరి మాత్రమే. ఈ వివరాలన్నీ ఆచరణకు సంబంధించినవి. అక్కడ దివ్యదర్శనం ఏదీ లేదు. ఊపిరి, పెదవుల పట్టు, వేళ్ల కదలిక, తిండి, నిద్ర ఉన్నాయి. మన విద్వాంసులు అసుర సాధన అని పిలిచేది సరిగ్గా ఇదే.

మొదటి అభ్యంతరం ఇక్కడే వస్తుంది. వంతెన కథ పత్రికలూ రికార్డు కంపెనీలూ అల్లిన ప్రచారం కాదా? 1961లో మెట్రొనోమ్ పత్రికలో ఒక రచయిత పేర్లు, వంతెన మార్చి ఈ ఉదంతాన్ని కథలా రాశాక అది నలుగురి నోళ్లలో పడింది. తిరిగొచ్చాక 1962లో ఆర్‌సీఏ విక్టర్ సంస్థకు చేసిన మొదటి ఆల్బముకు ద బ్రిడ్జ్ అనే పేరు పెట్టారు. వ్యాపారం కథను వాడుకున్న మాట నిజమే. కానీ కాలక్రమం చూడండి. ప్రచారానికి రెండేళ్ల ముందే సాధన మొదలైంది, అదీ ఏ ప్రకటనా లేకుండా. సంపాదన తారస్థాయిలో ఉన్నప్పుడు రాత్రి రాత్రికీ క్లబ్బు ఇచ్చే డబ్బును వదులుకోవడం ప్రచార పన్నాగంగా కుదిరే పని కాదు. 2017లో న్యూయార్క్‌లోని షాంబర్గ్ పరిశోధనా కేంద్రానికి చేరిన రోలిన్స్ కాగితాలు మరో సాక్ష్యం. ఆయన ఏళ్ల తరబడి రాసుకున్న నోటుపుస్తకాల్లో వేళ్ల అమరిక, నోటి పట్టు, ఆహారం, నడవడిక గురించి తనకు తాను చెప్పుకున్న సూచనలు నిండి ఉన్నాయి. పైగా ఏకాంత మేధావి బొమ్మ కూడా పూర్తిగా సరిపోదు. సొప్రానో శాక్సఫోన్ వాద్యకారుడు స్టీవ్ లేసీ వంటి వాళ్లు వంతెన మీదికొచ్చి ఆయనతో కలిసి వాయించేవారు. కథలోని మెరుగు తీసేసినా, కింద గట్టి పని కనిపిస్తూనే ఉంటుంది.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. 1959 జాజ్‌ను మార్చేసిన ఏడాది. మైల్స్ డేవిస్ కైండ్ ఆఫ్ బ్లూ, జాన్ కోల్ట్రేన్ జయింట్ స్టెప్స్ ఆ ఏడాదే రికార్డయ్యాయి. నవంబర్‌లో ఆర్నెట్ కోల్మన్ ఫైవ్ స్పాట్ క్లబ్బులో దిగి, స్వరసంగతుల చట్రాన్నే వదిలేసి వాయించి నగరాన్ని రెండు పక్షాలుగా చీల్చాడు. అంతటి సమయంలో రోలిన్స్ బరిలో లేడు. 1961 నవంబర్‌లో తిరిగొచ్చి, గిటార్ వాద్యకారుడు జిమ్ హాల్‌తో చేసిన ద బ్రిడ్జ్ విని, రెండేళ్లు వెళ్లి తెచ్చింది ఇంతేనా, పాత పద్ధతే కదా అని నిరాశపడ్డవాళ్లు ఉన్నారు. ఈ నిరాశ వెనక ఒక నమ్మకం ఉంది: కొత్త శైలి పుడితేనే సాధన ఫలించినట్టు. ఆ నమ్మకమే తప్పు. రోలిన్స్ శైలి వెతుక్కుంటూ వెళ్లలేదు. పట్టు వెతుక్కుంటూ వెళ్లాడు. ద బ్రిడ్జ్‌ను పాత కొలతతో వదిలి శబ్దం కోసం వినండి. స్వరం మరింత నిండుగా ఉంది, వేగంలోనూ తొట్రుపాటు లేదు, మౌనాన్ని భయపడకుండా వదులుతున్నాడు. ఇక కొత్తదనానికి జడిసి పారిపోయాడనే మాట నిలవదు. 1957లో కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డున ఆర్నెట్ కోల్మన్‌తో కలిసి సాధన చేసినవాడు రోలిన్స్. 1962 జులైలో ఆ కోల్మన్ బృందంలోని డాన్ చెర్రీ, బిల్లీ హిగిన్స్‌లనే పిలిచి విలేజ్ గేట్ క్లబ్బులో వాయించి, అవర్ మ్యాన్ ఇన్ జాజ్ చేశాడు. తన పాత ఓలియోను అందులో దాదాపు 25 నిమిషాల పాటు విప్పి, చెదరగొట్టి, మళ్లీ కట్టాడు. మరుసటి ఏడాది చిన్నప్పటి ఆరాధ్యుడు కోల్మన్ హాకిన్స్‌తో ఆల్బము చేశాడు. ఒక చేత్తో కొత్త తరాన్ని, మరో చేత్తో పాత గురువును పట్టుకుని నిలబడే స్థిమితం వంతెన మీద వచ్చిందేనని నా అభిప్రాయం.

మూడో అభ్యంతరం వాద్యకారులే వేస్తారు. జాజ్ వేదిక మీదే నేర్చుకోవాల్సిన కళ. తోటివాళ్లు సవాలు విసురుతారు, ప్రేక్షకులు స్పందిస్తారు, అప్పుడే మనోధర్మం పదునెక్కుతుంది. ఒంటరి సాధనలో ఆ రాపిడి ఎక్కడిది? ఇందులో నిజముంది. వేదిక ధైర్యాన్నీ సమయస్ఫూర్తినీ నేర్పుతుంది. కానీ అది అలవాట్లనూ పెంచుతుంది. నిన్న చప్పట్లు కొట్టించిన పలుకును ఇవాళ మళ్లీ వాయించాలనిపిస్తుంది. 1950ల క్లబ్బులో రాత్రికి మూడు నాలుగు విడతలు వాయించాలి. ప్రెస్టీజ్ వంటి సంస్థలు రిహార్సల్‌కు డబ్బివ్వకుండా ఒక్కరోజులో ఆల్బము ముగించేవి. ఆ ఒరవడిలో తప్పును సరిదిద్దుకునే తీరిక ఉండదు, దాన్ని చాకచక్యంగా కప్పిపుచ్చే నేర్పు మాత్రం వస్తుంది. తన దగ్గర ఆ నేర్పు ఎక్కువైందని రోలిన్స్ పసిగట్టాడు. వేదిక అవసరం లేదని ఆయన ఎన్నడూ అనలేదు. వేదికకు తగిన మనిషిగా తిరిగి రావడానికే దాన్ని వదిలాడు. ప్రతిసారీ తిరిగొచ్చాడన్న సంగతే ఈ అభ్యంతరానికి జవాబు.

ఆ ప్రతిసారీలో మూడోది మన దేశంతో ముడిపడి ఉంది. 1963లో జపాన్ పర్యటన తర్వాత తూర్పు దేశాల తత్వచింతన మీద ఆసక్తి పెరిగింది. 1960ల చివర రోలిన్స్ శాక్సఫోన్ పట్టుకుని బొంబాయి శివారులోని పవయి ఆశ్రమానికి వచ్చి, కొన్ని నెలలు యోగం, ధ్యానం, వేదాంతం అభ్యసించాడు. ధ్యానంలో కూర్చోవడం తనకు కష్టమనీ, వాద్యం వాయించడమే తన యోగమని అక్కడ గురువులు చెప్పారనీ ఆయన చెప్పుకున్నాడు. ఈ మాటను ఆయన సంగీతానికి భారతీయ రంగు పూయడానికి వాడుకోకూడదు. ఆయన మన రాగాలు నేర్చి వాయించలేదు. తీసుకెళ్లింది ఒక క్రమశిక్షణ. కొంతకాలం పూర్తిగా తప్పుకున్నాక 1972లో నెక్స్ట్ ఆల్బమ్‌తో రికార్డింగుకు తిరిగొచ్చాడు. భార్య లూసిల్ క్రమంగా వ్యవహారాలన్నీ చేతిలోకి తీసుకుని, బేరసారాలు, ఒప్పందాలు, తర్వాత రికార్డుల నిర్మాణం కూడా చూసింది. క్లబ్బుల్లో రాత్రుళ్లు తగ్గించి పెద్ద సభామందిరాల్లో కచేరీలు చేసే పద్ధతి కుదిరింది. అంటే విరామం అనే ఆలోచన చివరికి జీవన విధానంగా మారింది: తక్కువ రాత్రులు, ఎక్కువ సాధన.

1972 తర్వాతి స్టూడియో ఆల్బములు 1950ల వాటికి సాటిరావని చాలామంది విమర్శకుల తీర్పు. నేనూ దాన్ని కాదనను. కొన్నింట్లో బృందం బరువుగా, ఏర్పాటు సాదాగా ఉంటుంది. అయితే అదే కాలంలో కచేరీలు విన్నవాళ్లు, అక్కడి రోలిన్స్ వేరని ముక్తకంఠంతో చెబుతారు. తోడు వాద్యాలు ఆపించి ఒంటరిగా పది పదిహేను నిమిషాలు, పాత సినిమా పాటల ముక్కలు, కాలిప్సోలు, బ్లూస్ కలిపి అల్లుకుంటూ పోయే ఆ వాదనం స్టూడియో గాజుగదిలో పుట్టేది కాదు. దీనికి నమ్మదగిన సాక్ష్యం 2001 నాటిది. సెప్టెంబర్ 11న ప్రపంచ వాణిజ్య కేంద్రం కూలినప్పుడు దానికి కొద్ది వీధుల దూరంలోనే ఆయన నివాసం. ఖాళీ చేయించినప్పుడు శాక్సఫోన్ మాత్రం చేతపట్టుకుని మెట్లు దిగాడు. లూసిల్ పట్టుబట్టడంతో నాలుగు రోజులకు, 15వ తేదీన, బోస్టన్‌లో కచేరీ చేశాడు. 71 ఏళ్ల వయసులో, ఆ అలసటలో వాయించిన ఆ సంగీతం 2005లో ఆల్బముగా వచ్చి, అందులోని ఒక వాదనానికి గ్రామీ బహుమతి లభించింది. 2011లో కెనెడీ సెంటర్ గౌరవం దక్కింది. ఊపిరితిత్తుల జబ్బు వల్ల 2012 తర్వాత బహిరంగ కచేరీలు ఆగిపోయాయి. ఈసారి ఆపింది శరీరం, ఆయన కాదు.

ఎరిక్ డాల్ఫీ 36 ఏళ్లకు, కోల్ట్రేన్ 40 ఏళ్లకు పోయారు. ఎక్కువకాలం బతకడం దానంతట అదే గొప్ప కాదన్న మాట నిజమే. డాల్ఫీ, కోల్ట్రేన్ తమ కొద్ది ఏళ్లలో సాధించినదాన్ని రోలిన్స్ దీర్ఘాయువుతో తూచడం అన్యాయం. కానీ మనోధర్మ సంగీతం మనిషితో పాటే బతుకుతుంది. రికార్డు దాని నీడ మాత్రమే. ఆ మనిషిని కాపాడుకోవడం కూడా కళలో భాగమేనని, అందుకు కీర్తినీ సంపాదననూ కొంతకాలం పక్కన పెట్టాల్సి వస్తే పెట్టాలని రోలిన్స్ చేసి చూపించాడు. 1950ల జాజ్ లోకం నల్లజాతి కళాకారుడి నుంచి రాత్రి తర్వాత రాత్రి పిండుకోవడానికే ఏర్పాటై ఉండేది. ఎప్పుడు వాయించాలో, ఎప్పుడు వాయించకూడదో తానే నిర్ణయించుకోవడం అక్కడ సంగీతపరమైన నిర్ణయంతో పాటు స్వాతంత్ర్య ప్రకటన కూడా. ఫ్రీడమ్ సూట్ రాసిన మనిషి మరుసటి ఏడాదే వేదిక దిగడాన్ని ఈ వెలుగులో చూడాలి. అందువల్ల రోలిన్స్ జీవితాన్ని రాసేటప్పుడు 1956తో పాటు 1955నీ, 1962తో పాటు 1959నీ అంతే పెద్ద అక్షరాలతో రాయాలి. ఆయన సాధించినదానికి ఆ ఏళ్లు ధర, అంతకన్నా ముఖ్యంగా కారణం.

రోలిన్స్ వంతెన మీద ఉన్న ఆ రెండేళ్లలో ఫైవ్ స్పాట్ క్లబ్బులో ఏం జరిగింది, ఒక ప్లాస్టిక్ శాక్సఫోన్ అమెరికా సంగీత లోకాన్ని ఎందుకంత కలవరపెట్టింది అన్నది వచ్చే భాగంలో, ఆర్నెట్ కోల్మన్ కథతో.